మొదటిసారి విదేశీ మంచు మీదికి: స్కీయా, స్నోబోర్డా, ఏ దేశం, ఏ బీమా?

స్కీయింగ్ నేర్చుకుందామని విదేశానికి బయల్దేరే తెలుగువాళ్లలో చాలామంది మంచును మొదటిసారి తాకేదీ, దాని మీద మొదటిసారి జారేదీ ఒకే రోజు. ఆస్ట్రియాలో పిల్లలు మూడు నాలుగేళ్లకే పడటం, లేవడం నేర్చేసుకుంటారు. మనవాళ్లు అదే పని నలభై ఏళ్లకు, డెబ్బై ఐదు కిలోల బరువుతో, నాలుగు రోజుల సెలవులో మొదలుపెడతారు. అక్కడివాళ్ల కోసం రాసిన జాగ్రత్తలు అందుకే మనకు సగమే సరిపోతాయి. మన ఎముకలు దక్కడమా విరగడమా అన్నది చాలావరకు టికెట్లు కొనకముందే తేలిపోతుంది: ఏ ఆట, ఏ దేశం, ఏ నెల, ఎవరి దగ్గర పాఠం, ఏ బీమా. అక్కడికి చేరాక అద్దె దుకాణంలో గడిపే పది నిమిషాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

స్కీయా, స్నోబోర్డా

రెండింట్లోనూ పడతారు. దెబ్బ తగిలే చోటే వేరు. స్కీలో రెండు కాళ్లూ రెండు వేర్వేరు పలకల మీద విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒక స్కీ ఒకవైపు లాగి, ఒళ్లు ఇంకోవైపు తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాల్లోని ఏసీఎల్ లిగమెంట్ తెగడం స్కీయర్లకు అలవాటైన గాయం. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉండటంతో మోకాలు అంతగా మెలిపడదు. దానికి బదులు పడబోతూ చెయ్యి ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది. వెనక్కి పడితే తోకెముక, తల వెనకభాగం దెబ్బతింటాయి.

నేర్చుకునే వేగం కూడా ఒకటి కాదు. స్కీలో మొదటి రోజు మధ్యాహ్నానికే ముందు కొనలు దగ్గరపెట్టి, మడమలు విడదీసి ఆగడం వచ్చేస్తుంది. టీచర్లు దీన్ని 'పిజ్జా' అంటారు. రెండో మూడో రోజుకు తేలిక వాలు మొత్తం దిగొచ్చు. స్నోబోర్డులో మొదటి రెండు రోజులూ కూర్చోవడం, లేవడం, మళ్లీ పడటమే. మూడో రోజు నుంచి ఒక్కసారిగా పట్టుబడుతుంది. నాలుగు రోజుల ట్రిప్పులో స్నోబోర్డు ఎంచుకున్నవాళ్లు దెబ్బలు ఎక్కువగా తగిలే దశలోనే సెలవంతా గడిపి, ఆట వచ్చే వేళకు విమానం ఎక్కేస్తారు.

కాబట్టి నాలుగు రోజుల లోపు ట్రిప్పు, కుటుంబమంతా కలిసి, అందులో నలభై దాటినవాళ్లున్నారంటే స్కీ తీసుకోండి. ముప్ఫై లోపు వయసు, కనీసం ఐదారు రోజులు, మెత్తటి మంచు పడే ఊరు అయితే స్నోబోర్డు బాగుంటుంది. మోకాలికి పాత గాయం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి స్నోబోర్డు వైపు మొగ్గినా తప్పులేదు. మణికట్టు మీద బతికే డెంటిస్టులు, సర్జన్లు, వీణ వాయించేవాళ్లు మాత్రం స్కీకే కట్టుబడాలి. రోజంతా కీబోర్డు కొట్టేవాళ్లను కూడా కలిపితే హైదరాబాద్‌లో సగంమంది ఈ కోవలోకే వస్తారనుకోండి.

స్నోబోర్డే కావాలంటే రిస్ట్ గార్డులు ఇక్కడినుంచే కొని తీసుకెళ్లండి. చాలా అద్దె దుకాణాల్లో అవి ఉండవు. గ్లవ్ లోపల పట్టేంత సన్నగా ఉన్నవి చూసుకోవాలి. లోపల మెత్త కుట్టిన షార్ట్స్ కూడా తీసుకుంటే తోకెముక బతికిపోతుంది. ముందుకు పడేటప్పుడు పిడికిలి బిగించి మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేయి మొత్తం ఆనించాలి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి వీపు మీద దొర్లాలి, చెయ్యి వెనక్కి పెట్టకూడదు. ఇది పడ్డాక గుర్తుకొచ్చే విషయం కాదు. హోటల్ గదిలో పరుపు మీద పది పదిహేను సార్లు పడి చూడండి.

స్కీ వాళ్లకు పడటం కంటే పడకుండా ఉండాలన్న పంతమే ఎక్కువ చేటు. వెనక్కి వాలి, పిరుదులు మోకాళ్ల కంటే కిందికి దిగి, బరువంతా దిగువ స్కీ వెనకభాగం మీదికి వచ్చినప్పుడు లేవడానికి గింజుకుంటే ఏసీఎల్ తెగుతుంది. ఆ స్థితి నుంచి బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) మిమ్మల్ని కాపాడలేదు, అది వేరే రకం మెలికల కోసం తయారైంది. పట్టు తప్పిందనిపించగానే చేతులు ముందుకు చాచి పక్కకు ఒరిగిపోండి, జారడం పూర్తిగా ఆగాకే లేవండి. చేతుల్లో పట్టుకునే కర్రల పట్టీలు మణికట్టుకు తగిలించుకోకపోవడం కొత్తవాళ్లకు మంచిది. పట్టీ ఉన్న చేత్తో పడితే బొటనవేలి మొదట్లోని లిగమెంట్ తెగుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి

దుబాయ్‌లోని మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్‌ని చాలామంది సరదా చోటుగా కొట్టిపారేస్తారు. అసలు ట్రిప్పుకు రిహార్సల్‌గా దాన్ని మించింది లేదు. లోపల ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు తక్కువ, గాలి లేదు, అతి పొడవైన వాలు 400 మీటర్లు, జాకెట్టూ బూట్లూ అక్కడే ఇస్తారు. ఆగడం, తిరగడం వచ్చని చూపిస్తే తప్ప పెద్ద వాలు మీదికి పంపరు. యూరప్‌కు దుబాయ్ మీదుగా వెళ్తుంటే ఒక రోజు ఆగి, వీసా సంగతి ముందే చూసుకుని, రెండు పాఠాలు తీసుకోండి. ఆల్ప్స్‌లో మొదటి రోజు పడే పాట్లలో సగం అక్కడే తీరిపోతాయి. గట్టిపడిన మంచు, పొగమంచు, జనం అక్కడ నేర్చుకోలేరు, అంతే.

మన దేశంలో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7 రోజులు, 14 రోజుల కోర్సులు నడుపుతుంది. ఖర్చు తక్కువ, కానీ ఏటా మంచు నమ్మకంగా పడదు. గుల్మార్గ్‌లో మంచు మెరుగే, అయితే 2,650 మీటర్ల ఎత్తున మొదలై గండోలా (కేబుల్ కారు) రెండో దశలో 3,900 మీటర్లు దాటుతుంది. ఆ రెండో దశ కొత్తవాళ్లకు కాదు. అక్కడి వాలులు చాలావరకు సాపు చేసినవి కావు, మంచుచరియలు విరిగిపడే నేల.

ఆల్ప్స్‌లో కొత్తవాళ్లకు ఆస్ట్రియాను మిగతావాటికంటే ముందు పెడతాం. ఊళ్లు కిందనే ఉంటాయి (జెల్ ఆమ్ జే 757 మీటర్లు), స్కీ స్కూళ్లలో ఆదివారమో సోమవారమో మొదలై ఐదు రోజులు సాగే గ్రూపు పాఠాలు ఊరూరా దొరుకుతాయి. స్విట్జర్లాండ్‌లో నేర్పు అంతే బాగుంటుంది, బిల్లే కళ్లు తిరిగేలా ఉంటుంది. ఫ్రాన్స్‌లో పెద్ద రిసార్టుల్లో లిఫ్టులు ఎక్కువ, జనమూ ఎక్కువే. ఇటలీ భోజనానికీ ఖర్చుకూ అనువైనదే కానీ అక్కడి చట్టం కాస్త కఠినం: 2022 జనవరి 1 నుంచి వాలు మీద దిగే ప్రతివాళ్లకూ ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే బీమా తప్పనిసరి, 2025 నవంబర్ నుంచి వయసుతో పనిలేకుండా హెల్మెట్ తప్పనిసరి, తాగి దిగినా శిక్ష ఉంది.

నెల ఎంపిక దేశం ఎంపిక కంటే తక్కువదేం కాదు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా, మళ్లీ ఫిబ్రవరిలో యూరప్ పిల్లల సెలవుల్లో వాలులు కిక్కిరిసిపోతాయి, కొత్తవాళ్లను వెనకనుంచి గుద్దే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆ రెంటికీ మధ్య పడే మన సంక్రాంతి సెలవులు అదృష్టవశాత్తూ ఆల్ప్స్‌లో ఖాళీ వారాలు: మంచు బాగుంటుంది, ధర తగ్గుతుంది, చలే ఎక్కువ. ఏప్రిల్ చివర్లో, మేలో మన బడి సెలవులకు వెళ్తే మాత్రం ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్, స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ లాంటి హిమానీనదాల మీద, కొన్ని ఎత్తైన రిసార్టుల్లో తప్ప లిఫ్టులు నడవవు. ఆ కాలంలో పొద్దున వాలు గాజులా గట్టిగా, మధ్యాహ్నం తర్వాత బురదలా ఉంటుంది. ఆ బురద మంచులో స్కీ కూరుకుపోయి ఒళ్లు ముందుకెళ్లిపోతుంది. పన్నెండు గంటల్లోపు ముగించేయాలి.

అన్నట్టు, మేలో స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ కొండకు వెళ్లే టూరు బృందాల సంగతి. ఎంగెల్‌బర్గ్‌లో వెయ్యి మీటర్ల దగ్గర కేబుల్ కారెక్కి అరగంటలో మూడు వేల మీటర్లు దాటిపోతారు. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు పైన మంచులో పరుగులు పెట్టకూడదు. అక్కడి ట్యూబులు, స్లెడ్జ్‌లు స్కీ కంటే క్షేమమని అందరూ అనుకుంటారు కానీ ట్యూబును తిప్పలేం, ఆపలేం. పిల్లలకు హెల్మెట్ పెట్టాలి, ముందు వెళ్లినవాళ్లు పూర్తిగా పక్కకు తప్పుకున్నాకే తర్వాతి వాళ్లు దిగాలి.

జపాన్‌లో హొక్కైడో దీవిలోని నిసెకోకు మెత్తటి మంచులో పేరుంది. పడితే నొప్పి తక్కువ, ఇంగ్లిష్‌లో నేర్పే టీచర్లు దండిగా ఉన్నారు, శిఖరమే 1,308 మీటర్లు కాబట్టి ఎత్తు సమస్య రాదు. స్నోబోర్డుకు మా మొదటి ఓటు దానికే. ఇబ్బందల్లా ముందేమీ కనబడనంతగా కురిసే మంచు, గాలికి ఆగిపోయే లిఫ్టులు, చెట్ల మొదళ్లలో దాగిన గుంటలు. ఆ గుంటల గురించి కింద చెబుతాం.

అమెరికాలో ఉన్నవాళ్లకు ప్రశ్న వేరు. సియాటిల్ తెలుగువాళ్లకు స్నోక్వాల్మీ గంట దూరం. అది తొమ్మిది వందల మీటర్ల ఎత్తులోనే ఉంది, నేర్చుకోవడానికి అది చాలు. కొలరాడోలో బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 2,900 మీటర్ల పైన. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నల్ని తీసుకొచ్చి నేరుగా అక్కడికి ఎక్కిస్తే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వచ్చే అవకాశం ఎక్కువ. ముందు ఒకటి రెండు రాత్రులు అంతకంటే కిందనున్న డెన్వర్‌లో ఆపండి. పేరున్న పెద్ద రిసార్టుల్లో అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర కొనే ఒక రోజు టికెట్ 300 డాలర్లు దాటింది. పాఠం, అద్దె సామాను, కొత్తవాళ్ల లిఫ్టు పాస్ కలిపి ఇచ్చే 'ఫస్ట్ టైమ్' ప్యాకేజీ చిన్న కొండ మీద అందులో కొంత డబ్బుకే దొరుకుతుంది. దిగడం రానివాళ్లకు పెద్ద కొండ ఎందుకు?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచు కావాలంటే న్యూజిలాండ్. అక్కడ ఓ విశేషం ఉంది: ప్రమాదంలో దెబ్బ తగిలితే పర్యాటకులకు కూడా చికిత్స ఖర్చులో భాగాన్ని ప్రభుత్వ సంస్థ ఏసీసీ భరిస్తుంది. ఇంటికి చేర్చే ఖర్చు మాత్రం మీదే.

రంగుల దగ్గర పడే బోల్తా

వాలుల రంగులు దేశాన్ని బట్టి మారతాయి. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ అన్నిటికన్నా తేలిక, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో మామూలుగా నీలంతోనే మొదలు. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చదరం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు ఆరితేరినవాళ్లకు. జపాన్‌లో ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర "నేను నీలం దిగాను" అని సంబరపడ్డ మనిషి మరుసటి ఏడు కొలరాడోలో అదే ధీమాతో నీలం చదరం ఎక్కితే మధ్యలో కూర్చుండిపోవడం తప్పదు. పైగా ఆ రంగు ఆ కొండ మీది మిగతా వాలులతో పోల్చి పెట్టిందే. కొత్త ఊళ్లో మొదటి రోజు మీ స్థాయికి ఒక మెట్టు కిందనే మొదలుపెట్టండి.

ప్రపంచమంతా ఒకేలా ఉండే నియమం ఒకటుంది: దిగువన ఉన్నవాళ్లదే దారి. పైనుంచి వచ్చేవాళ్లే తప్పించుకోవాలి. గుద్దితే తప్పు వాళ్లదే. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్ని యూరప్ కోర్టులు ప్రమాణంగా చూస్తాయి. వాటిలో మనవాళ్లు ఎక్కువగా ఉల్లంఘించేది ఆగడం గురించినది. సెల్ఫీ కోసం వాలు మధ్యలో, అదీ మలుపు కిందో దిమ్మ కిందో, పైనుంచి వచ్చేవాళ్లకు కనబడని చోట గుంపుగా నిలబడటం. ఫోటో కావాలంటే అంచుకు వెళ్లండి. గుద్దుకున్నాక వెళ్లిపోవడం కూడా నేరమే. పేరు, చిరునామా ఇచ్చిపుచ్చుకోవాలి.

టీచర్ దగ్గరా, బావమరిది దగ్గరా

నేర్చుకున్న బంధువు నేర్పుతానంటే మొహమాటం లేకుండా వద్దనండి. అతను మిమ్మల్ని పైకి తీసుకెళ్లి "ఇలా రావడమే" అని దిగిపోతాడు. మొదటి రోజు పాఠం తప్పనిసరి. గ్రూపులో ఆరు నుంచి పది మంది ఉంటారు, ఖర్చు తక్కువ, మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు అది చాలు. నలభై ఐదు దాటినవాళ్లు, భయం ఎక్కువున్నవాళ్లు మొదటి రెండు గంటలు ప్రైవేటుగా తీసుకుని, తర్వాత గ్రూపులో చేరితే డబ్బు సద్వినియోగమవుతుంది. నలుగురు కుటుంబ సభ్యులైతే రెండు గంటల ప్రైవేటు పాఠం, నలుగురి గ్రూపు ఫీజుల మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి, తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. పిల్లల్ని మాత్రం మీనుంచి విడదీసి పిల్లల గ్రూపులోనే వెయ్యండి.

అద్దె దుకాణంలో అబద్ధమాడకండి

ఇదే అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసే దశ. బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే యంత్రం. ఎంత బలానికి వదలాలో డీఐఎన్ అనే అంకె చెబుతుంది. దుకాణంవాళ్లు మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు ఎంత దూకుడుగా జారతారన్నది తీసుకుని పట్టికలో చూసి ఆ అంకె పెడతారు. బరువు తగ్గించి చెబితే మలుపులో ఉత్త పుణ్యానికే స్కీ ఊడిపోతుంది. పెంచి చెప్పినా, "నాకు బాగా వచ్చు" అని గొప్పలు పోయినా పడ్డప్పుడు ఊడదు, కాలెముక విరుగుతుంది. యాభై ఏళ్లు నిండినవాళ్లకు పట్టికలో ఒక మెట్టు తగ్గిస్తారు, కాబట్టి వయసు కూడా ఉన్నదున్నట్టే చెప్పండి. చుట్టూ బంధువులున్నారని సిగ్గనిపిస్తే కాగితం మీద రాసివ్వండి.

మనవాళ్లు తరచూ చేసే మరో పని ఉంది. భార్యాభర్తలు డబ్బు మిగుల్చుకోవడానికి ఒకే స్కీ జత తీసుకుని పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వాడుకుంటారు. ఎనభై కిలోల మనిషికి బిగించిన బైండింగ్ యాభై ఐదు కిలోల మనిషి పడితే వదలదు. స్కీలు మారిస్తే దుకాణానికి వెళ్లి మళ్లీ సరిచేయించుకోవాలి.

బూట్ల విషయానికొస్తే, సైజు పెద్దదైతే సుఖమనుకోవడం మనకున్న అలవాటు. స్కీ బూటు వదులైతే కాలు లోపల తిరుగుతుంది, స్కీ మాట వినదు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు కొసను తాకాలి, మోకాళ్లు ముందుకు వంచితే కాస్త వెనక్కి తగ్గాలి, మడమ పైకి లేవకూడదు. ఒక్క జత పలచటి సాక్సు మాత్రమే. రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. సాక్సు, థర్మల్ మడతలు బూటు లోపల పడితే గంటలో మోకాలి కింద కాలి ముందుభాగం కందిపోతుంది. స్కీ పొడవు కొత్తవాళ్లకు గడ్డానికీ ముక్కుకూ మధ్య చాలు. బూటు నొప్పెడుతుంటే ఓర్చుకోకుండా అదే రోజు వెనక్కి వెళ్లి మార్పించుకోండి, సాధారణంగా అదనంగా తీసుకోరు.

తల, కళ్లు, ఒళ్లు

హెల్మెట్ అద్దెకు తీసుకోవడమా, కొనడమా? నాలుగు రోజులకైతే అద్దె చాలు, లోపల ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్2040 ముద్ర, పగుళ్లు లేకపోవడం చూసుకోండి. పట్టీ పెట్టకుండా తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. జడ కిందికి వేసుకుని, నడినెత్తిన క్లిప్పులు, ముడి తీసేయాలి. వాటివల్ల హెల్మెట్ పైకి లేచి నుదురు బయటపడుతుంది. గాజులు, గొలుసులు హోటల్లోనే వదిలేయండి. వేలాడే స్కార్ఫులు, చున్నీలు లిఫ్టులో చిక్కుకుంటాయి, మెడకు బిగుతుగా ఉండే గొట్టం లాంటి నెక్ వార్మర్ తొడుక్కోండి.

తేలిక వాలు మీద హెల్మెట్ ఎందుకన్నవాళ్లకు ఒక ఉదాహరణ. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోంట్ త్రెంబ్లాంలో కొత్తవాళ్ల వాలు మీద పాఠం తీసుకుంటూ పడ్డారు. హెల్మెట్ లేదు. బాగానే ఉన్నానంటూ మొదట వైద్యం వద్దన్నారు. పుర్రె లోపల రక్తస్రావమై రెండు రోజుల్లో చనిపోయారు. తలకు దెబ్బ తగిలి కాసేపు మామూలుగా ఉండి, తర్వాత తలనొప్పి, వాంతి, మత్తు, తికమక మాటలు మొదలైతే ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. అలా జరగకపోయినా తల గట్టిగా తగిలిన రోజు ఆట అక్కడితో ఆపి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

గాగుల్స్‌లో ఎండ రోజుకు ఎస్3 (ముదురు) అద్దం, మబ్బు రోజుకు ఎస్1 (లేత) అద్దం. నల్లటి అద్దం ఒక్కటే కొంటే మంచు కురిసే రోజు దిమ్మలు, గుంటలు కనబడవు. కళ్లద్దాలవాళ్లు వాటిమీద పెట్టుకునే గాగుల్స్ అని అడగాలి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి ముఖానికి సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాయాలి. నూలు బనియన్లు, జీన్సు వద్దే వద్దు. చెమటకో మంచుకో తడిస్తే ఆరవు. థర్మల్, ఫ్లీస్, నీరు చొరని జాకెట్ మూడూ చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని బ్యాక్‌ప్యాక్‌లో కాకుండా ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు. గ్లూకోమీటర్ కూడా చలిలో మొరాయిస్తుంది. ఫోన్‌దీ అదే కథ.

తాడు అవతల

గుర్తులు పెట్టిన వాలా, పక్కన మెరిసే తాజా మంచా? ఈ ప్రశ్నకు కొత్తవాళ్ల విషయంలో పోలిక అక్కర్లేదు. వాలుకు హద్దుగా కట్టిన తాడు ఎత్తి అవతలికి వెళ్లొద్దు. గైడు, బీకన్ (పూడిపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, వాటిని వాడే సాధన లేనివాళ్లెవరూ వెళ్లొద్దు. మంచుచరియ కింద పూడిపోతే మొదటి పావుగంటలో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగుంటుంది, ఆ తర్వాత అది గబగబా పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేలోగా పక్కనున్న మనిషే తవ్వాలి. ప్రమాద స్థాయిని 1 నుంచి 5 అంకెల్లో ప్రకటిస్తారు. 3 అంటే మధ్యస్థం, ఫరవాలేదనుకుంటారు గానీ ఆల్ప్స్‌లో ప్రాణాలు పోయేవాటిలో పెద్దభాగం ఆ 3వ స్థాయి రోజుల్లోనే. గుర్తులున్న వాలుకు కొన్ని మీటర్ల దూరంలోనూ నేల మారిపోతుంది. 2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో కారు రేసుల ఛాంపియన్ మైకేల్ షూమాకర్ తల రాతికి తగిలింది రెండు వాలుల మధ్య ఉన్న అలాంటి చోటే, అదీ హెల్మెట్ ఉండగా.

నిసెకోలో, అమెరికా వాయవ్య కొండల్లో మరో ఉచ్చు ఉంది. సతత హరిత చెట్ల కింది కొమ్మలు మంచును అడ్డుకోవడంతో మొదలు చుట్టూ పొడి మంచుతో లోతైన గుంట మిగులుతుంది. అందులో తలకిందులుగా పడితే స్కీలు పైన చిక్కుకుని, ఎంత గింజుకుంటే అంత లోపలికి పోయి ఊపిరాడదు. చెట్ల మధ్యకు వెళ్లకపోవడమే దానికి విరుగుడు.

సాయంత్రం లిఫ్టులు ఆగాక వాలు మీద ఉండటం కూడా ఇదే కోవలోది. అప్పుడు మంచును సాపుచేసే యంత్రాలు ఉక్కు తాళ్లకు కట్టుకుని ఎక్కుతుంటాయి, ఆ తాడు చీకట్లో కనబడదు. ఆఖరి లిఫ్టు ఎన్నింటికో పొద్దునే చూసుకోండి. మొదటి రెండు రోజులూ మధ్యాహ్నం రెండున్నర, మూడింటికే ముగించండి. "ఆఖరి రౌండ్" అంటూ అలసిన కాళ్లతో దిగేటప్పుడే మోకాళ్లు పోతాయి.

లిఫ్టు గురించి నాలుగు మాటలు: ఎక్కేముందు బ్యాక్‌ప్యాక్ ముందుకు తిప్పుకోండి, కూర్చోగానే అడ్డకమ్మీ దించండి, దిగేచోట పడితే లేచే ప్రయత్నం మాని పక్కకు పాకండి, కుర్చీ తప్పితే వేలాడకుండా ఆపరేటర్‌ను కేకేయండి. స్నోబోర్డువాళ్లు వెనక కాలి బిగింపు విప్పుకుని ఎక్కాలి.

బీమా: మూడు దారులు

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి కదా, అది ఉంటే చాలనుకుంటారు. ఆ కాగితం వీసాకు సరిపోతుంది, మోకాలికి సరిపోతుందన్న హామీ లేదు. మనదేశంలో అమ్మే చాలా ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. కొన్నిట్లో అదనపు ప్రీమియం కడితే కలుస్తాయి. కొనేముందు కంపెనీకి ఈమెయిల్‌లో ఈ ప్రశ్నలు రాసి జవాబు దాచుకోండి. గుర్తులున్న వాలు మీద సరదాగా చేసే స్కీయింగ్, స్నోబోర్డింగ్ కవర్ అవుతాయా? కొండ మీదనుంచి దింపే ఖర్చు, హెలికాప్టర్‌తో సహా, ఉందా? నేను ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారం ఉందా? హెల్మెట్ లేకపోతే, మద్యం తాగి ఉంటే క్లెయిమ్ పోతుందా? పడుకోబెట్టి ఇంటికి తీసుకురావాల్సి వస్తే విమాన ఖర్చు ఎవరిది? ఏజెంట్ ఫోన్లో "అన్నీ వస్తాయి సార్" అన్నది లెక్కలోకి రాదు.

రెండో దారి అక్కడే లిఫ్టు పాస్‌తోపాటు కొనేది. ఫ్రాన్స్‌లో కార్రే నేజ్ రోజుకు మూడు నాలుగు యూరోలకే కొండ మీది రక్షణ ఖర్చును భరిస్తుంది. అక్కడ వాలు మీదనుంచి స్లెడ్జ్‌లో దింపినా వందల యూరోల బిల్లు వస్తుంది, ఆస్ట్రియాలో హెలికాప్టర్ ఎక్కితే వేలల్లో వస్తుంది. మూడు నాలుగు యూరోలకు ఇంతకంటే మంచి బేరం ఉండదు. కాకపోతే ఇది పెద్ద ఆపరేషన్‌కూ, ఇంటికి తిరుగు ప్రయాణానికీ మొదటి పాలసీకి బదులు కాదు. రెండూ ఉండాలి.

అమెరికాకు చూసిపోవడానికొచ్చే తల్లిదండ్రులకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ మూడో రకం. ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామనే ఫిక్స్‌డ్ ప్లాన్ అక్కడి ఆస్పత్రి బిల్లు ముందు ఏ మూలకూ రాదు. కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకున్నా క్రీడల మినహాయింపు చదవాలి. అక్కడ స్కీ పెట్రోల్ (వాలుల మీద కాపలా తిరిగే రక్షణ సిబ్బంది) కొండ దింపడానికి సాధారణంగా డబ్బు తీసుకోదు. అంబులెన్స్ తలుపు మూసుకున్నప్పటినుంచి మీటరు తిరుగుతుంది. పాస్ కొనేటప్పుడు సంతకం పెట్టే పత్రంలో సహజమైన ప్రమాదాలకు బాధ్యత మీదేనని ఉంటుంది, కొలరాడోలో అయితే 1979 నాటి స్కీ భద్రతా చట్టమే ఆ మాట చెబుతుంది.

దెబ్బ తగిలితే

పడినవాళ్లకు కొద్దిగా పైన రెండు స్కీలను ఎక్స్ ఆకారంలో మంచులో గుచ్చండి, పైనుంచి వచ్చేవాళ్లు తప్పుకుంటారు. మెడ, వెన్ను అనుమానమైతే కదిలించొద్దు, బూటు విప్పొద్దు, జాకెట్లు కప్పండి. వాలు అంచున గుంజల మీద ఉన్న పేరు, అంకె చూసి చెబితే పెట్రోల్ నేరుగా అక్కడికే వస్తుంది. యూరప్‌లో 112, ఆస్ట్రియా పర్వత రక్షణకు 140, స్విట్జర్లాండ్‌లో రెగా హెలికాప్టర్‌కు 1414, అమెరికాలో 911, జపాన్‌లో 119. రిసార్టు సొంత పెట్రోల్ నంబరు మ్యాపు మీద ఉంటుంది, పొద్దునే ఫోన్లో దాచుకోండి.

ఆస్పత్రిలో చేరగానే, అదే రోజు, బీమా కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోవాలి. చెప్పకుండా ఆపరేషన్ చేయించుకుంటే చెల్లింపు దగ్గర పేచీ వస్తుంది. పెట్రోల్ రిపోర్టు, లిఫ్టు పాస్, డాక్టర్ రాసిన నివేదిక ఇంగ్లిష్‌లో, ఎక్స్‌రే కాపీ, ప్రతి రసీదూ అసలువి దాచండి. పిండికట్టు వేశాక మొదటి రెండు రోజుల్లో విమానం ఎక్కాల్సొస్తే లోపల వాపు వస్తుంది కాబట్టి కట్టును నిలువునా చీల్చమని చాలా విమానయాన సంస్థలు అడుగుతాయి, ప్రయాణానికి తగినట్టున్నారని డాక్టర్ పత్రం కూడా కోరతాయి. కాలు చాపుకునే సీటు ముందే చెప్పి పెట్టించుకోండి, రక్తం గడ్డకట్టకుండా మందు అవసరమా అని డిశ్చార్జ్ చేసే డాక్టర్‌నే అడగండి. హైదరాబాద్‌లో దిగాక వీల్‌చెయిర్ కావాలని టికెట్ మార్చేటప్పుడే నమోదు చేయించండి.